కాలేజీ అప్లికేషన్‌తో పాటు వీణ, బొమ్మలు, కవితలు పంపడం: ఏది పంపాలి, ఎలా తయారు చేయాలి

బరంపురం_నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ప్లస్ టూ రెండో ఏడు. అమెరికా యూనివర్సిటీలకు కామన్ యాప్‌లో (ఒకే ఫారంతో చాలా కాలేజీలకు పెట్టుకునే సైటు) అప్లికేషన్ పెడుతోంది, ఎం.ఐ.టి.కి విడిగా. చదవాలనుకుంటున్నది కంప్యూటర్ సైన్సు, ఆర్ట్ కాదు. కొన్ని కాలేజీల పేజీల్లో పోర్ట్‌ఫోలియో (తను చేసిన పనుల నమూనాలు) పంపడం మీ ఇష్టం అని రాసుంది. పంపడానికి మూడున్నాయి: వీణ, సవర బొమ్మల తరహాలో గుడ్డ మీద వేసిన చిత్రాలు, తెలుగు కవితలు. అసలు పంపాలా? మూడూ పంపొచ్చా? ఏ ఫార్మాట్‌లో? బరంపురంలో మాకు అందుబాటులో ఉన్న స్టూడియోలు పెళ్ళి వీడియోలే తీస్తాయి. ఇంట్లో ఫోన్‌తో చేసుకుంటే సరిపోతుందా?

కౌన్సెలర్_జయపురం

ముందు ఒక తేడా తెలుసుకోవాలండి. ఆర్ట్, డిజైన్ కాలేజీల్లో పోర్ట్‌ఫోలియోయే అసలు అప్లికేషన్. రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ లాంటి చోట 12 నుంచి 20 పనులు తప్పనిసరిగా అడుగుతారు. మీ అమ్మాయి విషయం అది కాదు. ఆమెకు మార్కులు, వ్యాసాలు, టీచర్ల ఉత్తరాలు ప్రధానం. పోర్ట్‌ఫోలియో వాటికి అదనం. అదనం కాబట్టి బాగుంటే పనికొస్తుంది, సాధారణంగా ఉంటే పనికిరాదు. చదివేవాళ్ళ సమయం తీసుకుని ఏమీ చెప్పని ఫైలు వల్ల లాభం లేదు.

పంపాలా వద్దా తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కామన్ యాప్‌లో కార్యకలాపాల జాబితాకు పది గడులు, ఒక్కో వివరణకు 150 అక్షరాలే. "వీణ, తొమ్మిదేళ్ళుగా, గురుముఖంగా, కచేరీలు" అన్నది అందులో పట్టేస్తుంది. ఆ మాటకు మించి రికార్డింగ్ ఏదైనా చెబుతుందా? వింటే "ఈ అమ్మాయి నిజంగా వాయిస్తుంది" అనిపిస్తుందా? మీరు కాదు, వీణ తెలిసి మీకు చుట్టం కాని మనిషొకరు విని చెప్పాలి. అవునంటే పంపండి.

మూడూ పంపొద్దు. ఒకటి ఎంచుకోండి. చాలా యూనివర్సిటీల్లో సంగీతం ఫైలు సంగీత విభాగం వాళ్ళకి వెళ్తుంది, చిత్రాలు ఆర్ట్ విభాగానికి వెళ్తాయి. అక్కడి అధ్యాపకులు విని, చూసి, తమ అభిప్రాయం అడ్మిషన్ ఆఫీసుకు చెబుతారు. బలంగా ఉన్న ఒక్కటి వెళ్తే ఒక మంచి మాట వస్తుంది. మూడు వెళ్తే రెండు సాధారణమైన మాటలు కూడా వస్తాయి.

ఎం.ఐ.టి.కి కామన్ యాప్ లేదు, వాళ్ళ సొంత పోర్టల్. అక్కడ పోర్ట్‌ఫోలియోలు నాలుగు రకాలు: పరిశోధన, చేతితో తయారు చేసినవి, సంగీతం–నాటకం, దృశ్యకళ–ఆర్కిటెక్చర్. కంప్యూటర్ సైన్సుకు పెడుతున్నా సంగీతం పంపొచ్చు, చదవబోయే సబ్జెక్టుకు దానికి లంకె ఉండాలని లేదు.

ప్రతి కాలేజీ పేజీ విడివిడిగా చదవాలి. కొన్ని కాలేజీలు అదనపు సామగ్రి ఏదీ తీసుకోవు. "తీసుకోం" అని రాసిన చోట మెయిల్‌లో పంపితే సూచనలు చదవలేదనే అర్థం వస్తుంది. అసలు వస్తువులు పోస్టులో పంపకండి, తిరిగి రావు.

గుణుపురం_కుర్రాడు

ఇదే చర్చలో అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మన దేశంలోని ఫ్యాషన్, డిజైన్ కాలేజీలకు, అంటే భువనేశ్వర్ నిఫ్ట్‌కి, ఎన్.ఐ.డి.కి కూడా ఇలా ముందే బొమ్మలు పంపాలా?

కౌన్సెలర్_జయపురం

డిగ్రీ స్థాయిలో అక్కర్లేదు బాబూ. నిఫ్ట్ బి.డెస్.కు (డిజైన్ డిగ్రీ) రాత పరీక్ష, ఆ తర్వాత ఇచ్చిన సామాన్లతో అక్కడికక్కడే ఒకటి తయారు చేసే సిచ్యుయేషన్ టెస్ట్. ఎన్.ఐ.డి.కి ప్రిలిమ్స్, మెయిన్స్. ఐ.ఐ.టి.ల బి.డెస్.కు యూసీడ్ పరీక్ష. పోర్ట్‌ఫోలియో అవసరం పీజీలో, ఇంటర్వ్యూల దగ్గర వస్తుంది. నువ్వు ఇప్పటి నుంచే ప్రతి బొమ్మకీ తేదీ, కొలత రాసి ఫోటో తీసి దాచుకో, అప్పటికి చాలా పని తప్పుతుంది.

వీణ_మాష్టారు

నాన్నగారూ, వీణ పంపేటట్టయితే ఈ విషయాలు.

ఎన్ని నిమిషాలు అడిగారో చూసుకోండి. పది నిమిషాలు అనుకుందాం. అందులో రెండు భిన్నమైన అంశాలు ఉండాలి. ఒకటి ఆది తాళ వర్ణం, పల్లవి అనుపల్లవి రెండు కాలాల్లో, అంటే మామూలు వేగంలో, రెట్టింపు వేగంలో. చేతి శుద్ధి, లయ, వేగం దీంట్లో తెలిసిపోతాయి. రెండోది రాగాలాపన కొంత, ఆ రాగంలోనే కృతి ఒక భాగం, నాలుగు ఆవర్తాలు కల్పనస్వరం. అప్పటికప్పుడు అల్లగలదని దీంట్లో తెలుస్తుంది. మన సంగీతం ఎరగని అధ్యాపకుడు కూడా ఈ తేడా పట్టుకుంటాడు. రెండు కృతులు, రెండూ మధ్యమకాలంలో, ఒకే తరహాగా పంపితే రెండోది విననక్కర్లేదు అనిపిస్తుంది.

వీడియోయే పంపండి. వీణలో సగం ఎడమచేతిలో ఉంది. తీగ లాగి గమకం తీయడం కనిపించాలి, కుడిచేతి మీటు కనిపించాలి. ఫోన్ స్టాండు మీద, వాయించేవారి ఛాతీ ఎత్తులో, ఎదురుగా కాస్త ఎడమచేతి వైపు జరిపి పెట్టండి. కుండ నుంచి యాళి తల దాకా ఫ్రేములో పట్టాలి. ముఖం మీదకి జూమ్ చేయొద్దు.

శబ్దం. వీణ నాదం చిన్నది. ఫోన్ నాలుగు గజాల దూరాన ఉంటే గది మోతే వినిపిస్తుంది. వేరే మైకు ఉంటే కుండ పలకకు రెండు అడుగుల దూరాన పెట్టండి, మీటు పడే చోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి తిప్పి. సూటిగా పెడితే గోరు టకటకలు తీగ కన్నా ముందు వినిపిస్తాయి. పికప్ తగిలించి ఆంప్లిఫయరులోంచి తీయకండి, సహజనాదం పోతుంది, పైగా కరెంటు హమ్ వస్తుంది. శ్రుతిపెట్టె మైకుకు వెనక పక్క, వాయించే మనిషికి వినిపించేంత సన్నగా పెట్టాలి.

ఫ్యాన్ ఆపాలి. ఫ్రిజ్ పక్క గదిలో ఉంటే అదీ ఆపాలి. ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు రికార్డు చేయకండి, సన్నని గుయ్యిమనే మోత పడుతుంది. మన తీరం గాలికి తేమ ఎక్కువ, ఫ్యాన్ ఆపిన గదిలో తీగలు శ్రుతి దిగుతాయి. అరగంట ముందే వీణ ఆ గదిలో పెట్టి, మొదలుపెట్టే ముందు తాళపు తీగలు మూడూ కూడా సరిచూసుకోవాలి. వాయించే నాలుగు తీగలు చూసుకుని తాళపు తీగలు వదిలేస్తుంటారు. రికార్డింగులో చెవికి ముందు తగిలేది అదే.

మృదంగం ఉంటే మంచిదే గాని, వీణ కన్నా పైకి వినిపించకూడదు. ఒకే మైకుతో తీస్తుంటే మృదంగం ఆరేడు అడుగుల వెనక్కి జరగాలి. కుదరకపోతే మృదంగం లేకుండా కానివ్వండి, తప్పేం లేదు.

లెన్స్_బాబాయి

మాష్టారు చెప్పినదానికి ఫోన్ సంగతి కలుపుతున్నా. మామూలు వాయిస్ రికార్డర్ యాప్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే శ్రుతిపెట్టె మోతని ఫ్యాన్ మోతే అనుకుని కోసేస్తుంది. తీగ నాదం చివర కూడా తెగుతుంది. అది ఆఫ్ చేయాలి. లెవెల్ చేత్తో పెట్టుకునే యాప్ వాడి, గట్టి మీటు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూడండి.

సైజులు. స్లైడ్‌రూమ్‌లో (చాలా కాలేజీలు పోర్ట్‌ఫోలియోలు తీసుకునే సైటు) మామూలుగా ఇమేజికి 5 ఎంబీ, ఆడియోకి 30, వీడియోకి 250, పీడీఎఫ్‌కి 10. కాలేజీ ఇంకా తగ్గించి ఉండొచ్చు, వాళ్ళ పేజీలో అంకెలు చూసుకోండి. సీడీ నాణ్యత వేవ్ ఫైలు నిమిషానికి పది ఎంబీ పైన తింటుంది, అంటే మూడు నిమిషాలు కూడా పట్టదు. 320 కేబీపీఎస్ ఎంపీత్రీ నిమిషానికి 2.4 ఎంబీ, పది నిమిషాలు 24 ఎంబీ. నాణ్యతలో వినేవాళ్ళకి తేడా తెలీదు.

ఫోన్‌లో 1080పి వీడియో నిమిషానికి, సెట్టింగుని బట్టి, అరవై ఎంబీ నుంచి వంద పైన దాకా తింటుంది. పది నిమిషాలది 250లోకి రావాలంటే కంప్యూటర్‌లో హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కుదించే సాఫ్ట్‌వేర్ వేసి, హెచ్.264 ఎంపీ4, వీడియో బిట్‌రేట్ 2800 కేబీపీఎస్, ఆడియో 192 పెట్టండి. 225 ఎంబీకి అటూ ఇటూగా వస్తుంది. కూర్చుని వాయించే వీడియో కాబట్టి కదలిక తక్కువ, ఆ బిట్‌రేట్‌లో బొమ్మ చెడదు. నాట్యమైతే చెడుతుంది. అప్పుడు నిడివి తగ్గించాలి, లేదా 720పికి దిగాలి.

ఫోన్ నుంచి కంప్యూటర్‌కి కేబుల్‌తో ఎక్కించండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది.

శ్రుతి_పర్లాకిమిడి

రికార్డింగుకి కొంచెం రివర్బ్ కలిపితే తప్పా? పొడిగా, గది శబ్దంలా ఉంటే వినడానికి బాగోదు కదా.

వీణ_మాష్టారు

కలపొద్దమ్మా. వినేవారు చూసేది చేతిని, గది అందాన్ని కాదు. రివర్బ్ వేస్తే ఒక స్వరం మీద ఇంకో స్వరం పడి గమకాలు చెదిరిపోతాయి. ఏదో దాచారని కూడా అనిపిస్తుంది. ముక్కలు అతకడం అంతకన్నా చెడ్డది. ఒక అంశం మొదలు నుంచి చివర దాకా ఒకే టేకులో ఉండాలి, ఒకచోట చిన్న తప్పు దొర్లినా సరే. గదిలో మోత ఎక్కువైతే గోడలకి దుప్పట్లు వేలాడదీయండి, కింద చాప, దాని మీద జంపఖానా పరవండి. మనకి అదే స్టూడియో.

రాయగడ_అక్క

నేను బొమ్మల గురించి మాట్లాడతాను. వీణే పంపినా, వేరే కాలేజీకి బొమ్మలు పంపాలనుకుంటారేమో.

సవర ఇడితాల్ గోడ మీద పూజ కోసం వేసేది. ఎర్రమట్టి పూసిన లోపలి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో, వెదురు పుల్ల నలిపి చేసిన కుంచెతో వేస్తారు. పితరుల కోసం, దేవతల కోసం, పంట కోసం. కుడాన్ (సవర పూజారి) చెప్పిన ప్రకారం ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో నిర్ణయం అవుతుంది. ఆ సంప్రదాయం బయట పుట్టిన పిల్ల గుడ్డ మీద వేస్తే అది ఇడితాల్ కాదు, ఆ శైలి నేర్చుకుని వేసిన చిత్రం. క్యాప్షన్‌లో ఈ సంగతి తేటగా రాయాలి. ఎవరి దగ్గర, ఏ ఊళ్ళో నేర్చుకుందో రాయాలి. వాళ్ళు ఒప్పుకుంటే పేరుతో, లేకపోతే ఊరి పేరుతో. చూసేవాళ్ళలో ఆదివాసీ కళ తెలిసినవాళ్ళు ఉంటారు. "నా సొంత శైలి" అని ఒక్క ముక్క కనిపిస్తే మిగతా పది బొమ్మల మీద నమ్మకం పోతుంది.

వార్లీతో కలిపేయొద్దు. వార్లీలో ఒళ్ళు రెండు త్రిభుజాలు మొనలు కలిసినట్టు ఉంటుంది. సవర బొమ్మలో ఆ మొన అంత పదునుగా ఉండదు, పైగా ముందు అంచు చట్రం వేసి అక్కడి నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. ఈ రెండు వాక్యాలు క్యాప్షన్‌లో అక్కర్లేదు గానీ అమ్మాయికి తెలిసి ఉండాలి. ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోకూడదు.

నకలు వేసినవి పక్కన పెట్టండి. పాత గోడ బొమ్మ చూసి యథాతథంగా వేసినది చెయ్యి తిరిగిందని చెబుతుంది, అంతే. అదే చట్రంలో గుణుపురం సంతని, బస్టాండుని, సెల్ టవర్‌ని తను చూసినట్టు వేసి ఉంటే అవి ముందు పెట్టండి.

క్యాప్షన్ నమూనా ఒకటి ఇస్తున్నా. ఇంగ్లీషులో ఇంతే పొడవు రాయండి:

"సంత రోజు, 2025. ఎర్రమట్టి పూసిన నూలు గుడ్డ మీద తెల్ల యాక్రిలిక్, వెదురు పుల్ల. 60 × 90 సెం.మీ. గుణుపురం దగ్గర సవర చిత్రకారుల వద్ద నేర్చుకున్న ఇడితాల్ చట్రంలో వారసంత. అంచు చట్రం సంప్రదాయం, లోపలి బొమ్మల కూర్పు నాది."

పేరు, ఏడాది, దేనితో, ఎంత కొలత, ఏది తనది. ఈ అయిదూ ఉంటే చాలు. భావం, స్ఫూర్తి అంటూ పేరాలు రాయొద్దు.

లెన్స్_బాబాయి

అక్క చెప్పిన ఎర్రగుడ్డ ఫోటోకి కష్టమైన వస్తువు, కాబట్టి వివరంగా.

వెలుతురు: ఎండలో వద్దు, ఫ్లాష్ వద్దు. మబ్బు రోజున ఆరుబయట, లేదా ఉత్తరం వైపు వరండాలో ఉదయం పూట. ట్యూబ్‌లైటు ఆపేయండి. కిటికీ వెలుగు, ట్యూబ్ వెలుగు కలిస్తే సగం గుడ్డ ఒక రంగు, సగం ఇంకో రంగు. పటం కట్టి ఉంటే అద్దం తీసేయండి.

నిలువు: బొమ్మని గోడకి తగిలించి, ఫోన్ లెన్స్ సరిగ్గా బొమ్మ మధ్య ఎత్తులో పెట్టాలి. నేల మీద పరిచి పైనుంచి తీస్తే నీడ పడుతుంది, అంచులు వంకరపోతాయి. సూటిగా ఉందో లేదో తెలియాలంటే చిన్న అద్దం బొమ్మ మధ్యలో గోడకి ఆనించి పట్టుకోండి. ఫోన్ తెర మీద ఆ అద్దంలో మీ లెన్స్ అద్దం నడిమధ్యన కనిపిస్తే సూటిగా ఉన్నట్టే. పక్కకి ఉంటే ఫోన్ జరపండి. స్కేలూ లెవెలూ అక్కర్లేదు.

దగ్గరికెళ్ళి మామూలు లెన్స్‌తో తీస్తే అంచులు ఉబ్బుతాయి. వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టండి. గ్రిడ్ గీతలు ఆన్ చేసి గుడ్డ అంచుని గీతకి కలపండి.

రంగు: ఫ్రేము నిండా ఎరుపే ఉంటే ఫోన్ దాన్ని తప్పు వెలుగనుకుని నీలం వైపు లాగుతుంది. ఎర్రమట్టి బూడిదగా మారేది అందుకే. బొమ్మ పక్కన తెల్ల కాగితం పెట్టి తీసి, ఎడిటింగ్‌లో ఆ కాగితాన్ని తెలుపుగా పెట్టి, ఆ తర్వాత కాగితం కత్తిరించేయండి. ఎక్స్‌పోజర్ ఒక మెట్టులో సగం తగ్గించండి. లేకపోతే తెల్ల గీతలు పేలిపోయి ఒకదానికొకటి అంటుకుంటాయి, వెదురు పుల్ల ఆనవాలు కనిపించదు. ఆ ఆనవాలే కదా చూపించాల్సింది.

సేవ్: ఐఫోన్ హైక్ ఫైలుని జేపెగ్‌గా మార్చండి. ఎస్.ఆర్.జీ.బీ., పొడవు వైపు 2500 పిక్సెల్స్. 5 ఎంబీకి లోపలే ఉంటుంది. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ముందు 01, 02 అని వరస నంబరు. తెలుగు అక్షరాల పేర్లు కొన్ని పోర్టళ్ళలో ఎక్కవు.

బరంపురం పట్టు డిజైను చేసినవాళ్ళు, పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు చెక్కినవాళ్ళు కూడా చదువుతుంటే: పట్టుకి వెలుగు పక్క నుంచి పడాలి, అంచు కుంభం నేత అప్పుడే తేలుతుంది. కొమ్ము నున్నగా నల్లగా ఉంటుంది. బూడిద రంగు చార్టు మీద పెట్టి, ఒక పక్కన తెల్ల థర్మోకోల్ నిలబెట్టండి, దాని తెలుపు కొమ్ము అంచున గీతలా పడి ఆకారం తెలుస్తుంది. ఒకే వస్తువు మూడు కోణాల్లో పంపితే అప్‌లోడ్ లెక్కలో మూడు అయిపోతుంది. నిజంగా వెనక వైపు చూడాల్సిన వస్తువుకే రెండో కోణం.

బరంపురం_నాన్న

అందరికీ ధన్యవాదాలు. ఎం.ఐ.టి.కి వీణ అని తేలింది. ఇంకో కాలేజీ రచనలు తీసుకుంటామని రాసింది. అమ్మాయి కవితలు తెలుగులోనే ఉన్నాయి. అనువాదం పంపాలా, మూలం పంపాలా? టైపు చేయించిన ఫైలు మా కంప్యూటర్‌లో బాగానే ఉంది, వేరే చోట తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి. ఇంకోటి, ఒక కాలేజీ ఫీజు కట్టబోతే మా డెబిట్ కార్డు తీసుకోలేదు.

అక్షరం_డీటీపీ

ఆ ఫైలు అను ఫాంట్లలో చేసి ఉంటారండి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అదే వాడకం. అది యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి) కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చినది. ఆ ఫాంటు లేని చోట గుర్తులే కనిపిస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌కి మార్చుకోవచ్చు గానీ మార్చాక అక్షరం అక్షరం చదవాలి. ఒత్తులు, వట్రసుడి, అరసున్న తప్పుతుంటాయి. కవితలు అయిదారే అయితే యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయడమే సుఖం. మండలి ఫాంటు గానీ, నోటో సాన్స్ తెలుగు గానీ వాడండి, ఉచితం.

పేజీ మేకింగ్ ఇన్‌డిజైన్‌లో చేయిస్తే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయమని చెప్పండి, లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. వర్డ్ నుంచి అయితే నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. తర్వాత పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ దగ్గర ప్రతి ఫాంటుకీ ఎంబెడెడ్ అని ఉందో లేదో చూడండి. ఉంటే ఎక్కడ తెరిచినా అక్షరం చెదరదు. చేతిరాత స్కాన్లు వద్దు, సైజు పెరుగుతుంది, చదివేవాళ్ళకి ఉపయోగం లేదు.

మూలం, అనువాదం రెండూ పంపాలి. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు, పాదానికి పాదం ఎదురుగా. తెలుగు చదవలేని మనిషికి కూడా పాదాల పొడవు, పునరుక్తి కంటికి తెలుస్తాయి. అనువాదం ఎవరు చేశారో మొదటి పేజీలో రాయాలి. అమ్మాయే చేస్తే "అనువాదం రచయితదే" అని రాయండి. ఇంకొకరు చేస్తే వాళ్ళ పేరు. ఏఐతో చేయించి తనదని పంపొద్దు. దీని మీద కాలేజీలకు నిబంధనలున్నాయి, పైగా మూలం చదవగల తెలుగువాళ్ళు అమెరికా క్యాంపస్‌లలో తక్కువేం లేరు.

ఇంగ్లీషులో అంత్యప్రాస కుదర్చబోవద్దు. ప్రాస కోసం అర్థం వంగిపోతుంది. ఆటవెలదిలో రాసినవి ఉంటే అడుగున ఒక్క వాక్యం చాలు: నాలుగు పాదాలు, సూర్య–ఇంద్ర గణాలు, యతి ఉన్న ఛందస్సు అని. కొత్తమాసం, ఠాకురాణీ జాతర లాంటి మాటలు అలాగే ఉంచి అడుగున చిన్న వివరణ ఇవ్వండి. ఒక కవితకి రెండుకి మించి వివరణలు పడుతున్నాయంటే ఆ కవిత ఈ పనికి సరైనది కాదు, ఇంకొకటి తీసుకోండి.

కౌన్సెలర్_జయపురం

కార్డు సంగతి. 2020 మార్చి 16 నుంచి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలోపల వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశీ లావాదేవీ కార్డుదారుడే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లో ఇంటర్నేషనల్, దాని కింద ఆన్‌లైన్, రెండూ ఆన్ చేసి పరిమితి పెట్టండి. పరిమితి సున్నాలో ఉండిపోతే ఆన్ చేసినా తిప్పికొడుతుంది. వీసా గానీ మాస్టర్ గానీ అయ్యుండాలి. రూపే దేశీయ కార్డు విదేశీ సైట్లలో చాలా చోట్ల పనిచేయదు. విదేశీ సైట్లకి ఓటీపీ రాకుండానే డబ్బు కట్ అవుతుంటుంది, కంగారు పడి రెండోసారి నొక్కొద్దు. పని అవగానే ఇంటర్నేషనల్ మళ్ళీ ఆఫ్ చేయండి.

ఫీజు మినహాయింపు కావాల్సినవాళ్ళు ఒకటి చూసుకోవాలి. కామన్ యాప్‌లో అప్లికేషన్ ఫీజు మాఫీ అయినంత మాత్రాన పోర్ట్‌ఫోలియో ఫీజు తనంతట తాను మాఫీ కాదు. ఆ కాలేజీకి ముందే మెయిల్ రాసి అడగాలి. కట్టేశాక అడిగితే వెనక్కి రావడం కష్టం.

గడువు. పోర్ట్‌ఫోలియోకి అప్లికేషన్‌కి ఒకే తేదీ ఉండాలని లేదు. కొన్నిచోట్ల పోర్ట్‌ఫోలియో ముందే అయిపోతుంది. కామన్ యాప్ అప్లికేషన్ గడువు మన స్థానిక సమయం ప్రకారం రాత్రి 11:59. వేరే పోర్టల్‌లో ఈస్టర్న్ టైమ్ (అమెరికా తూర్పు తీరపు సమయం) అని రాసుంటే నవంబర్ మొదటి ఆదివారం దాకా తేడా తొమ్మిదిన్నర గంటలు, ఆ తర్వాత పదిన్నర. జనవరి 1 రాత్రి 11:59 అంటే మనకి 2వ తేదీ పొద్దున్న 10:29. ఆ లెక్క ఉంది కదా అని చివరి దాకా ఆగొద్దు. 225 ఎంబీ ఫైలు సెకనుకి ఒక మెగాబిట్ అప్‌లోడ్ ఉన్న లైన్‌లో అరగంట పడుతుంది, మధ్యలో తెగితే మళ్ళీ మొదటి నుంచి.

అప్లికేషన్‌కి ఒక సబ్మిట్ బటన్, పోర్ట్‌ఫోలియోకి ఇంకొకటి. ఒకటి నొక్కితే రెండోది వెళ్ళదు. ఫైళ్ళన్నీ ఎక్కించి, సబ్మిట్ నొక్కకుండా వదిలేయడం ఈ పనిలో చాలామందికి జరిగే పొరపాటు.

శ్రుతి_పర్లాకిమిడి

బృందంలో చేసినవి ఎలా చూపించాలి? బుర్రకథలో వంత, ప్రహ్లాద నాటకంలో చిన్న పాత్ర, నాట్య బృందంలో ఒకరు, ఇలాంటివి. ఫైలు పెద్దదైతే యూట్యూబ్ లింకు ఇవ్వొచ్చా?

లెన్స్_బాబాయి

బృందంలో మనిషిని వెతుక్కోవాల్సిన పని చూసేవాళ్ళకి పెట్టకూడదు. వివరణ మొదటి లైన్లో: "ఎడమ నుంచి రెండో మనిషి, ఆకుపచ్చ అంగవస్త్రం, 0:40 నుంచి పాట." వీడియో మొదట్లోనే అమ్మాయి కనిపించేలా కత్తిరించండి. దీపారాధన, పరిచయ ప్రసంగం, శాలువాలు అన్నీ తీసేయండి. వంత పాత్ర అయితే వంత బలంగా ఉన్న రెండు నిమిషాలు తీసుకోండి, కథకుడి ఘట్టం కాదు.

యూట్యూబ్ పోర్టల్ ఒప్పుకుంటేనే. అన్‌లిస్టెడ్ పెట్టాలి. ప్రైవేట్ పెడితే అవతలివాళ్ళకి తెరుచుకోదు. వెనక సినిమా పాట మోగుతుంటే హక్కుల గొడవతో కొన్ని దేశాల్లో వీడియో ఆగిపోతుంది, మనకి ఇక్కడ ఆడుతుంది కాబట్టి తెలీదు. డ్రైవ్ లింకు అయితే లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే సెట్టింగ్. లాగవుట్ అయి, వేరే ఫోన్‌లో, అకౌంట్ లేని బ్రౌజర్‌లో తెరిచి చూడండి. పంపాక ఫలితం వచ్చేదాకా ఆ ఫైలు పేరు మార్చొద్దు, ఫోల్డర్ తుడిచేయొద్దు.

రాయగడ_అక్క

గురువుగారి ఉత్తరం గురించి ఎవరూ చెప్పలేదు. కామన్ యాప్‌లో అదర్ రికమెండర్ అని ఒక చోటుంది, కాలేజీ ఒప్పుకుంటే వీణ గురువు ఉత్తరం అందులోంచి వెళ్తుంది. పొగడ్తలు వద్దు. ఎన్నేళ్ళు నేర్పారు, ఎన్ని వర్ణాలు కృతులు పాఠం అయ్యాయి, కొత్త కృతి ఎలా పట్టుకుంటుంది, ఏది రాకపోతే ఎలా సాధన చేసింది. గురువుగారికి ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనో ఒడియాలోనో రాసి సంతకం పెట్టాలి, స్కూల్లో టీచర్ ఎవరైనా అనువదించి తామే అనువదించామని సంతకం చేయాలి. ఆయనకి ఈమెయిల్ లేదని పిల్లలే ఆయన పేరుతో మెయిల్ తెరిచి ఎక్కించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. తెలిస్తే మొత్తం అప్లికేషన్ పోతుంది. ఆయన ఇంట్లోవాళ్ళు ఆయన దగ్గర కూర్చుని, ఆయన చేతే మెయిల్ తెరిపించి పంపించాలి.

సర్టిఫికెట్ల స్కాన్లు కూడా పోర్ట్‌ఫోలియోలో పెట్టకండి. పోటీ పేరు, ఏడాది కార్యకలాపాల జాబితాలో చాలు.

బరంపురం_నాన్న

చివరిగా ఒక్కటి మాష్టారూ. వర్ణం ముందా, ఆలాపన ముందా? కచేరీ పద్ధతిలో వర్ణమే ముందు కదా. పంపాక ఇంకా మంచి రికార్డింగ్ వస్తే మార్చొచ్చా?

వీణ_మాష్టారు

కచేరీ క్రమం ఇక్కడ పట్టింపు లేదు. వినేవారు మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే అంచనాకి వస్తారు, అమ్మాయి చేతికి ఏది బాగా పలికితే అది ముందు. ఆలాపన ముందైతే మంద్రస్థాయిలో నెమ్మదిగా ఎత్తుకోవద్దు, షడ్జం నుంచి నేరుగా రాగం తెలిసే సంచారంలోకి రమ్మనండి. వివరణలో రాగం, తాళం, వాగ్గేయకారుడు, ఏ నిమిషం దగ్గర ఏది మొదలవుతుందో రాయండి. కల్పనస్వరం దగ్గర "ఇక్కడి నుంచి అప్పటికప్పుడు వాయించినది" అని తప్పకుండా రాయాలి. రాయకపోతే అది కూడా ముందే కట్టిన భాగమే అనుకుంటారు.

కౌన్సెలర్_జయపురం

సబ్మిట్ అయ్యాక మామూలుగా మార్చడం కుదరదు. అందుకే నొక్కే ముందు ప్రివ్యూలో ప్రతి ఫైలూ చివరి సెకను దాకా ఆడించి చూడండి, అప్‌లోడ్‌లో తెగిన ఫైలు మొదట్లో బాగానే ఆడుతుంది. పేరు, పుట్టిన తేదీ, ఈమెయిల్ అప్లికేషన్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడితే రెండు ఫైళ్ళూ జతకావు. అందిందని మెయిల్ వస్తుంది, దాన్ని పీడీఎఫ్ చేసి దాచండి. తర్వాత కాలేజీ ఇచ్చే అప్లికెంట్ పోర్టల్‌లో చెక్‌లిస్ట్ ఉంటే పోర్ట్‌ఫోలియో ఎదురుగా అందినట్టు చూపిస్తోందేమో వారం పది రోజుల్లో చూసుకోండి. చూపించకపోతే ఆ మెయిల్ జతచేసి అడ్మిషన్ ఆఫీసుకు నాలుగు లైన్లు రాయండి.